నవల కంటే ముందు పుట్టిన కాగితం: చార్లెస్ డికెన్స్ కథా ప్రణాళికలు

నవల రాయబోయే ముందు రచయిత దగ్గర ఏముంటుంది? కథ మొత్తం తలలో ఉంటుందా, కాగితం మీద ఉంటుందా, లేక రాస్తూ ఉంటే అదే వస్తుందా? సాహిత్య చరిత్ర చదివే విద్యార్థిగా మీరు ఈ ప్రశ్నను రచయితల ఇంటర్వ్యూల ఆధారంగా తేల్చుకోవద్దు. రచయితలు తమ పని గురించి తర్వాత చెప్పే మాటలు చాలాసార్లు జ్ఞాపకానికీ, గౌరవానికీ మధ్య ఎక్కడో ఉంటాయి. రాసేటప్పుడు వాళ్ళ బల్ల మీద ఉన్న కాగితాలు దొరికితే వాటిని చూడాలి. 19వ శతాబ్దపు ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ (1812-1870) విషయంలో అలాంటి కాగితాలు దొరికాయి. ఆయన మిత్రుడు జాన్ ఫోర్‌స్టర్ 1876లో చనిపోతూ తన గ్రంథాలయాన్ని లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియానికి రాసి ఇచ్చాడు. ఈనాటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అదే. డికెన్స్ నవలల చేతిప్రతులు చాలావరకు అక్కడే ఉన్నాయి. వాటితో పాటే, ఒక్కొక్క నెల ఒక్కొక్క సంచిక కోసం ఆయన వేసుకున్న ప్రణాళిక పత్రాలు కూడా ఉన్నాయి. 1987లో హారీ స్టోన్ అనే పరిశోధకుడు ఈ పత్రాలన్నిటినీ ఉన్నవి ఉన్నట్టుగా అచ్చు వేయించాడు. కాబట్టి లండన్ వెళ్ళకుండానే ఈరోజు ఎవరైనా వాటిని చూడవచ్చు.

ఈ పాఠంలో మీరు ఆ కాగితాలను ఒక చారిత్రక ఆధారంగా చదవడం నేర్చుకుంటారు. ఒక విషయం మొదటే చెప్పుకుందాం. కథా ప్రణాళిక అనగానే మనకు సాధారణంగా ఒక కట్టడపు నక్షా గుర్తుకు వస్తుంది: ముందు గీస్తారు, తర్వాత కడతారు. డికెన్స్ పత్రాలు అలాంటి నక్షాలు కావు. అవి అచ్చు వ్యాపారం ఒత్తిడిలోంచి పుట్టాయి. వాటిలో నిర్ణయాల కంటే ప్రశ్నలు ఎక్కువ.

షిల్లింగు సంచికల వ్యాపారం

ముందు ఆ వ్యాపారం ఏమిటో తెలియాలి. అప్పట్లో ఇంగ్లండులో కొత్త నవల మూడు సంపుటాలుగా వచ్చేది. దాని వెల 31 షిల్లింగుల 6 పెన్సులు. మామూలు గుమాస్తా కుటుంబం కొనుక్కునే వస్తువు కాదది. ఒకే నవలను నెలకు ఒక పలుచని సంచికగా, ఒక్కో షిల్లింగుకు అమ్మితే ఆ గుమాస్తా కూడా కొంటాడు. డికెన్స్ పెద్ద నవలల్లో ఎక్కువ భాగం ఇలాగే వచ్చాయి. ఒక్కో సంచికలో 32 పుటల కథ, రెండు బొమ్మలు, ముందూ వెనకా ప్రకటనలు. మొత్తం 20 సంచికలు. చివరి రెండింటినీ కలిపి ఒకే జంట సంచికగా వేసేవారు కాబట్టి పాఠకుడు 19 నెలల్లో కథ పూర్తి చేసేవాడు. నెలాఖరు రోజున సంచిక దుకాణాల్లో ఉండి తీరాలి. రచయితకు ఒంట్లో బాగాలేకపోయినా, ఇంట్లో శుభకార్యమైనా, చావైనా ఆ తేదీ మారదు.

మన వారపత్రికల సీరియళ్ళు చదివి పెరిగిన ఇళ్ళలో ఈ ఏర్పాటు గురించి పెద్దగా వివరించనక్కరలేదు. అయితే ఒక తేడా గమనించండి. డికెన్స్ సంచికలో ఆయన కథ ఒక్కటే ఉంటుంది. పాఠకుడు వంటలకో, వారఫలాలకో పత్రిక కొని, పనిలో పనిగా సీరియల్ కూడా చదవడం ఉండదు. కథ నచ్చకపోతే వచ్చే నెల షిల్లింగు రాదు, అంతే.

ప్రణాళిక లేని రోజులు

ఈ పద్ధతిలో డికెన్స్ మొదటి పుస్తకం పిక్‌విక్ పేపర్స్ (1836-37). దానికి ప్రణాళిక లేదు సరికదా, ఆ ఆలోచనే ఆయనది కాదు. చాప్‌మన్ అండ్ హాల్ అనే ప్రచురణకర్తలకు రాబర్ట్ సీమోర్ అనే చిత్రకారుడు వేట, ఆటల మీద హాస్య చిత్రాలు గీస్తాననీ, వాటికి ఎవరైనా మాటలు రాయాలనీ ప్రతిపాదించాడు. ఆ మాటలు రాయడానికి పిలిచిన 24 ఏళ్ళ విలేఖరి డికెన్స్. రెండో సంచిక పూర్తికాకముందే, 1836 ఏప్రిల్ 20న, సీమోర్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తర్వాత బొమ్మలు నాలుగు నుంచి రెండుకు తగ్గాయి, కథ 24 పుటల నుంచి 32కు పెరిగింది. 20 సంచికల చట్రం, దాని కొలతలు అలా ఒక ప్రమాదంలోంచి స్థిరపడ్డాయి. కథ మాత్రం ఏ దారి దొరికితే ఆ దారిన సాగింది. పుస్తకంగా వచ్చినప్పుడు ముందుమాటలో డికెన్స్ దీన్ని దాచలేదు. కథను నేర్పుగా అల్లే ప్రయత్నం చేయలేదనీ, ఆ ప్రచురణ పద్ధతిలో అది సాధ్యమని అప్పుడు అనుకోలేదనీ చెప్పాడు. అయినా చివరి సంచికలు నెలకు 40,000 ప్రతులు అమ్ముడయ్యాయి. అంత అమ్మకం చూసిన రచయితకు ప్రణాళిక అవసరమని ఎందుకు అనిపిస్తుంది?

అవసరం మార్టిన్ చజిల్‌విట్ (1843-44) దగ్గర తెలిసింది. ఆ నవల సంచికలు 20,000 దాటడం కష్టమైంది. ప్రచురణకర్తలు ఒప్పందంలోని ఒక షరతు గుర్తు చేస్తూ, ఆయనకిచ్చే సొమ్ములో కోత సంగతి ఎత్తారు. డికెన్స్‌కు ఒళ్ళు మండింది. అంతకు ముందు ఏడాదే ఆయన అమెరికా వెళ్ళి వచ్చాడు. ఆ తాజా అనుభవాన్ని వాడుకుందామని కథానాయకుణ్ణి ఉన్నపళంగా ఓడ ఎక్కించి అమెరికా పంపాడు. అమ్మకాలు కొద్దిగానే పెరిగాయి. చదివి చూడండి, ఆ అమెరికా అధ్యాయాల్లో మంచి వ్యంగ్యం ఉంది. కానీ అవి నవలకు అతికించినట్టే ఉంటాయి. ఆ నవల పూర్తయ్యాక డికెన్స్ ఆ ప్రచురణకర్తలను వదిలేశాడు. తర్వాతి పెద్ద నవల మొదలుపెట్టడానికి రెండేళ్ళు ఆగాడు. మొదలుపెట్టినప్పుడు ఆయన చేతిలో ప్రణాళిక ఉంది.

డాంబే కోసం మడిచిన కాగితం

ఆ నవల డాంబే అండ్ సన్ (1846-48). 1846 జూన్ చివర్లో స్విట్జర్లాండులోని లొసాన్ పట్టణంలో దాన్ని మొదలుపెట్టాడు. జులై 25న ఫోర్‌స్టర్‌కు రాసిన ఉత్తరంలో కథ మొత్తం వివరించాడు. లండన్‌లో ఒక గర్విష్ఠి వ్యాపారి. అతనికి కొడుకు కావాలి, వ్యాపారానికి వారసుడు కావాలి. కూతురు ఉన్నా లేనట్టే. ఆ కొడుకు పాల్ పసితనంలోనే చనిపోతాడు. తండ్రి కూతుర్ని మరింత ద్వేషిస్తాడు, చివరికి ఆ కూతురే అతనికి దిక్కవుతుంది. ఈ అస్థిపంజరం మారలేదు. 19 నెలల తర్వాత అచ్చయిన నవల ఇదే.

ఈ నవల నుంచే ప్రతి సంచికకూ ఒక ప్రణాళిక పత్రం క్రమం తప్పకుండా కనిపిస్తుంది. దాని పద్ధతి చాలా మామూలుగా ఉంటుంది. ఒక కాగితాన్ని అడ్డంగా తిప్పి రెండు సగాలుగా చేసుకునేవాడు. కుడి సగం పైన నవల పేరు, సంచిక సంఖ్య, కింద ఆ సంచికలోని అధ్యాయాల సంఖ్యలు, వాటి పేర్లు, ఒక్కోదానిలో జరిగే ముఖ్యమైన సంగతులు. ఎడమ సగం తనకు తాను రాసుకునే మాటల కోసం. ఆసక్తికరమైనదంతా ఆ ఎడమ సగంలోనే ఉంది.

అక్కడ పాత్రల పేర్లు రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టేవాడు. ఫలానా ఆవిడ ఈ నెల రావాలా? ఫలానా వాడు? ప్రశ్నల పక్కన జవాబులు: అవును, కాదు, ఇంకా వద్దు, వచ్చేసారి చూద్దాం. ఇంటి ఇల్లాలు పండగ సరుకుల జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కటే కొట్టేసినట్టు ఉంటుంది. 30, 40 పాత్రలున్న నవలలో ఎవరినీ మరీ ఎక్కువ కాలం మరుగున పడేయకూడదు. నాలుగు నెలలు కనిపించని పాత్రను షిల్లింగు పెట్టి కొన్న పాఠకుడు మరచిపోతాడు. అందుకే ఈ హాజరు పట్టీ.

పాల్ చనిపోయే అయిదో సంచిక పత్రంలో మాత్రం మరోరకమైన మాట ఒకటి ఉంది. పిల్లవాడి జబ్బును వాడి అనుభూతుల ద్వారానే చెప్పాలి, బయటి నుంచి వర్ణించకూడదు అని ఆయన తనను తాను హెచ్చరించుకున్నాడు. దీన్ని జాగ్రత్తగా చూడండి. ఏమి జరగాలన్నది ఇక్కడ సమస్య కాదు. పాల్ చనిపోతాడని జులైలోనే తెలుసు. ఆ చావును ఎవరి కళ్ళతో చూపించాలన్నదే సమస్య. నవలలో ఆ అధ్యాయం చదివితే డాక్టర్ల మాటలు, రోగం పేరు మీకు దాదాపు ఏమీ దొరకవు. గోడ మీద కదిలే వెలుగు, పరుగులు పెట్టే నది అనే ఊహ, వచ్చిపోయే ముఖాలు మాత్రమే ఉంటాయి. ఇంగ్లండు అంతటినీ ఏడిపించిన ఆ అధ్యాయం వెనక ఉన్నది ఒక్క వాక్యమంత నిర్ణయం. నా దృష్టిలో ఈ పత్రాలన్నిటిలోనూ అతి విలువైన పంక్తి ఇదే.

ఇక మారినవి చూద్దాం. అదే జులై ఉత్తరంలో వాల్టర్ అనే కుర్రవాణ్ణి డికెన్స్ పాడుచేద్దామనుకున్నాడు. ఉత్సాహంగా, మంచివాడుగా కనిపించే యువకుడు మెల్లగా బద్ధకంలోకి, వ్యసనాల్లోకి జారిపోవడం చూపించాలని ఉబలాటపడ్డాడు. పాఠకులకు కోపం వస్తుందేమో అని ఫోర్‌స్టర్‌నే అడిగాడు. చివరికి వాల్టర్ పాడవలేదు. ఓడ మునిగినా బతికి తిరిగొచ్చి, డాంబే కూతురు ఫ్లారెన్స్‌ను పెళ్ళి చేసుకున్నాడు. అలాగే డాంబే రెండో భార్య ఎడిత్ అతని మేనేజరు కార్కర్‌తో లేచిపోయి అతనికి ఉంపుడుగత్తె కావాలని ముందు అనుకున్నాడు. ఆయన మిత్రుడు, ప్రసిద్ధ విమర్శకుడు లార్డ్ జెఫ్రీ ఎడిత్ అలా చేస్తుందంటే నమ్మనని పట్టుబట్టాడు. డికెన్స్ కథ మార్చాడు. ఎడిత్ లేచిపోతుంది గానీ కార్కర్‌కు లొంగదు. నవల సగంపైన అచ్చయి పాఠకుల ఇళ్ళలో ఉండగా జరిగిన మార్పు ఇది. ముందు రాసిన పుటలను వెనక్కి తెచ్చి దిద్దడం కుదరదు. ఇకముందు రాసేవాటితోనే సర్దుకోవాలి.

పత్రాన్ని ఎలా చదవాలి?

ఇక్కడ ఒక చరిత్రకారుడికి ఎదురయ్యే చిక్కు గురించి చెప్పాలి. ప్రణాళిక పత్రంలో ఉన్నదంతా ముందుగా రాసిందే అని ఎలా అనుకోగలం? 1957లో జాన్ బట్, కాథ్లీన్ టిల్లట్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ పత్రాలను చేతిప్రతులతో పోల్చి చదివి డికెన్స్ పనితీరు మీద ఒక పుస్తకం రాశారు. కుడి సగంలోని అధ్యాయాల వివరాల్లో కొన్ని అధ్యాయం రాసేసిన తర్వాత నింపినవని వారు గుర్తించారు. కాగితం ఒకటే అయినా అందులో రెండు కాలాలున్నాయి. ప్రశ్న ఒకసారి, జవాబు మరోసారి రాసినప్పుడు సిరా రంగులోనో, అక్షరాల బిగువులోనో తేడా కనిపించవచ్చు. ఒక మాట మరో మాట పక్కన ఇరుకుగా ఒదిగి ఉంటే అది తర్వాత చేరిందని అర్థం.

రాసేసిన దాన్ని మళ్ళీ ప్రణాళికలో ఎందుకు రాసుకున్నాడు? కారణం సాదాసీదాగా ఉంది. వచ్చే నెల కూర్చున్నప్పుడు పోయిన నెల ఎక్కడ ఆపామో చూసుకోవడానికి. చేతిప్రతి అచ్చు కార్యాలయానికి వెళ్ళిపోయింది. ఇంట్లో మిగిలింది ఈ కాగితమే. అంటే అది సగం ప్రణాళిక, సగం చిఠ్ఠా పుస్తకం.

మీరే చేసి చూడండి: ఇంట్లో పెళ్ళి ఖర్చుల పుస్తకమో, ఊరి సంఘం మినిట్స్ పుస్తకమో దొరికితే ఒక పుట తీసుకోండి. అందులో జరగబోయే పనిగా రాసిందేది, జరిగిపోయాక చేర్చిందేది విడదీయండి. ఏ గుర్తుల ఆధారంగా విడదీశారో పది వాక్యాల్లో రాయండి.

డోరా, జో, ఒక పొరుగింటి ఆవిడ

డేవిడ్ కాపర్‌ఫీల్డ్ (1849-50) నవలలో డేవిడ్ మొదటి భార్య డోరా. పసిపిల్లలాంటి మనిషి, ఇల్లు నడపలేదు. ఆమె చనిపోతేనే డేవిడ్ కథ ముందుకు సాగుతుంది. కానీ 1850 మే 7న కూడా డోరా విషయం తేల్చుకోలేదనీ, ఆరోజే తేల్చుకోక తప్పదనీ డికెన్స్ ఫోర్‌స్టర్‌కు రాశాడు. ఆగస్టు 16న ఆయనకు కూతురు పుట్టింది. ఆ పాపకు డోరా అని పేరు పెట్టాడు. ఆ తర్వాత నాలుగు రోజులకే, ఇంకా డోరాను చంపాల్సిన పని మిగిలి ఉందని ఉత్తరంలో రాశాడు. నవలలోని డోరా సెప్టెంబరు సంచికలో చనిపోయింది. ఇంట్లోని డోరా 1851 ఏప్రిల్‌లో, ఎనిమిది నెలల వయసులో చనిపోయింది. ఈ రెండు చావులకూ సంబంధం కట్టకండి, కట్టడానికి ఆధారం లేదు. కానీ నెల తేదీలు గుర్తుంచుకోండి. ప్రణాళిక వేసే బల్ల ఇంటి మధ్యలోనే ఉంది.

బ్లీక్ హౌస్ (1852-53) పత్రాల్లో అలాంటి మెత్తదనం కనిపించదు. వీధులు ఊడ్చుకుని బతికే అనాథ కుర్రవాడు జో పేరు, పక్కన ప్రశ్నార్థకం, అవును అనే జవాబు, వెంటనే చంపేయాలన్న నిర్ణయం. మూడు నాలుగు మాటల్లో తేల్చేశాడు. నవలలో ఆ పిల్లవాడి చావు చదివి కళ్ళు తుడుచుకున్నవారికి ఈ కాగితం చూస్తే రచయిత కసాయివాడేమో అనిపిస్తుంది. తొందరపడకండి. ఇది తనకోసం రాసుకున్న గుర్తు. దుఃఖం ఎక్కడ రాయాలో ఆయనకు తెలుసు, ఆ చోటు ఈ కాగితం కాదు.

ఇంకో సంఘటన ప్రణాళిక మీద బయటి మనిషి హక్కు గురించి ఆలోచింపజేస్తుంది. డేవిడ్ కాపర్‌ఫీల్డ్ 1849 డిసెంబరు సంచికలో మిస్ మౌచర్ అనే మరుగుజ్జు స్త్రీ పాత్ర వచ్చింది. ధనికుల ఇళ్ళకు వెళ్ళి సింగారింపు పనులు చేసే ఆవిడ. ఆమెను చెడ్డ పనిలో పాలుపంచుకునే మనిషిగా నడపాలని డికెన్స్ ఉద్దేశం. ఆయన ఇంటి దగ్గరలోనే ఉండే ఒక స్త్రీ, అదే రూపం, దాదాపు అలాంటి వృత్తి గల ఆవిడ, ఆ సంచిక చదివి తనను గుర్తుపట్టింది. ఎంత మనసు కష్టపెట్టుకుందో ఆయనకు ఉత్తరం రాసింది. డికెన్స్ క్షమాపణ చెప్పి పాత్రను మారుస్తానని మాటిచ్చాడు. 1850 మార్చి సంచికలో మిస్ మౌచర్ మంచి మనసున్న మనిషిగా తిరిగి వచ్చింది. పొట్టి వాళ్ళను చూసి నవ్వే లోకం గురించి ఆమె చేత గట్టిగానే మాట్లాడించాడు. పాత్ర అతుకు తెలుస్తూనే ఉంటుంది. అయినా ఒక బతికి ఉన్న మనిషి పరువు, ఒక ప్రణాళిక పత్రం ఎదురుబొదురుగా నిలబడినప్పుడు ఏది నెగ్గాలో ఆయన సరిగానే తేల్చుకున్నాడని నేననుకుంటాను. సంచికలుగా అచ్చయ్యే నవల కాబట్టే ఆవిడకు ఆ అవకాశం దొరికింది. మూడు సంపుటాలు ఒకేసారి వచ్చి ఉంటే ఆమె ఉత్తరం అందేసరికి అంతా అయిపోయేది.

ముడులు విప్పే నెల

ముందు వేసుకోవడం ఎంత కష్టమో, చివర్లో ముగించడం అంతకంటే కష్టం. లిటిల్ డారిట్ (1855-57) ముగింపుకు వచ్చేసరికి డికెన్స్ మరో పని చేశాడు. అప్పటికే అచ్చయిన తన సంచికలను తనే వెనక్కి తిరిగి చదువుకుంటూ, ఎక్కడెక్కడ ఏ పోగు వదిలేశాడో, ఏ రహస్యానికి ఏ మాట ముందే చెప్పి ఉంచాడో ప్రత్యేక కాగితాల మీద రాసుకున్నాడు. కథను చుట్టి తెచ్చేందుకు పనికొచ్చే గుర్తులు అని వాటికి తలకట్టు. ఒకటి వెనకచూపుకు, ఒకటి ముందుచూపుకు. చివరి సంచికలకు ప్రణాళిక అంటే ఇక ఊహ కాదు, లెక్క తేల్చడం. దుకాణం కట్టేసే ముందు షావుకారు బాకీల పుస్తకం తిరగేసినట్టు. ఇంత చేసినా ఆ నవల చివర్లో బయటపడే వీలునామా రహస్యం నేటికీ పాఠకులను తికమక పెడుతుంది. ప్రణాళిక ఉన్నంత మాత్రాన కథ తేటగా వస్తుందని హామీ లేదు.

కొలతలూ ఆయన్ని వదల్లేదు. 32 అచ్చు పుటలకు తన చేతిరాతలో దాదాపు 30 పుటలు కావాలని ఆయనకు అలవాటయింది. డాంబే మొదటి సంచిక ఆరు పుటలు ఎక్కువై కోతలు పడ్డాయి. 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ దగ్గర ఆయన ప్రయాణిస్తున్న రైలు పడిపోయింది. గాయపడ్డవారికి సాయం చేసి, వేలాడుతున్న పెట్టెలోకి మళ్ళీ ఎక్కి అవర్ మ్యూచువల్ ఫ్రెండ్ చేతిప్రతిని తెచ్చుకున్నాడు. ఆ వేసవిలో రాసిన సంచిక రెండున్నర పుటలు తక్కువైంది. పిక్‌విక్ తర్వాత ఎన్నడూ అలా జరగలేదని వాపోయాడు.

మరో దారిన పోయినవారు

అందరూ ఇలా రాయలేదు. తపాలా శాఖలో ఉద్యోగం చేసిన ఆంథనీ ట్రాలప్ ఉదయం అయిదున్నరకే బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. కథ ఎలా ముగుస్తుందో మొదట తనకు తెలియదనీ, దాని గురించి బెంగ కూడా లేదనీ 1883లో వచ్చిన ఆత్మకథలో చెప్పుకున్నాడు. డికెన్స్ మిత్రుడైన విల్కీ కాలిన్స్ నవలల్లో ప్రతిదీ ముందే కొలిచి అమర్చినట్టుంటుందని ఆయన ఒక చిన్న చురక కూడా వేశాడు. ట్రాలప్ దగ్గర ప్రణాళిక లేదనుకోవడం పొరపాటు. ఆయన ప్రణాళిక కథకు కాదు, పనికి. రోజుకు ఎన్ని పుటలు రాశాడో పట్టిక వేసుకునేవాడు.

ఫ్రాన్సులో ఎమిల్ జోలా రెండో కొసన నిలబడ్డాడు. ఒకే కుటుంబం గురించి 20 నవలలు (1871-1893). ఒక్కో నవలకు ముందు వందల పుటల కాగితాలు: కథ ఎలా ఉండాలో తనతో తాను మాట్లాడుకునే చిత్తుప్రతి, పాత్రల వివరాల పత్రాలు, అధ్యాయాల వారీగా రెండుసార్లు వేసిన ప్రణాళిక, చదివిన పుస్తకాల నోట్సు, తిరిగిన చోట్ల నోట్సు. జెర్మినాల్ కోసం 1884 ఫిబ్రవరిలో సమ్మె నడుస్తున్న ఆంజాఁ బొగ్గుగనులకు వెళ్ళి గనిలోకి దిగి చూశాడు. ఏప్రిల్ 2న రాయడం మొదలుపెట్టి 1885 జనవరి 23న ముగించాడు. ఆ కాగితాలు పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి.

తెలుగు నవల తొలిరోజుల్లో కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రము కూడా సంచికల్లోనే మొదలైంది. 1878లో తన వివేకవర్ధని పత్రికలో వేసి, 1880లో పుస్తకంగా తెచ్చాడు. దానికి ప్రణాళిక ఎక్కడిది అని అడిగితే జవాబు పాఠ్యంలోనే ఉంది. ఆలివర్ గోల్డ్‌స్మిత్ రాసిన ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ నుంచి ఆయన ఒక చట్రం తీసుకున్నాడు. మంచివాడైన ఇంటిపెద్ద, పోయిన ఆస్తి, చెదిరిన కుటుంబం, మళ్ళీ కలయిక. ఆ చట్రంలో ధవళేశ్వరాన్నీ, గోదావరినీ, జ్యోతిష్కులనూ, స్వర్ణం చేస్తామనే దొంగ యోగులనూ నింపాడు. కొత్త సాహిత్య రూపం ఒక భాషలోకి వచ్చేటప్పుడు మొదటి ప్రణాళిక చాలాసార్లు అరువుదే. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ముగియని నవల ప్రణాళిక

చివరగా ది మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్. 1869 ఆగస్టు మొదటి వారంలో తనకు చాలా వింతైన కొత్త ఆలోచన వచ్చిందనీ, అది ఎవరికీ చెప్పగలిగింది కాదనీ డికెన్స్ ఫోర్‌స్టర్‌కు రాశాడు. ఆగస్టు 20 తేదీ వేసిన కాగితం మీద పేర్లు ప్రయత్నించాడు. ఎడ్విన్ తప్పిపోవడం, మాయమవడం, చనిపోయాడా బతికున్నాడా అని సందేహించడం, ఇలా శీర్షికలు వరసగా ఉన్నాయి. ఈసారి 12 సంచికలే. ఆరోగ్యం బాగా దెబ్బతింది. నవల పూర్తికాకముందే తాను చనిపోతే ప్రచురణకర్తలకు సొమ్ము ఎలా తిరిగి ఇవ్వాలన్న షరతును ఒప్పందంలో తనే అడిగి పెట్టించుకున్నాడు. తన జీవితంలో మొదటిసారి ఆయన ప్రణాళికలో తన చావు ఒక అంశమైంది.

మొదటి రెండు సంచికలూ కలిపి 12 పుటలు తక్కువ పడ్డాయని అచ్చువాళ్ళు తేల్చారు. రెండో సంచికలోని ఒక అధ్యాయాన్ని మొదటిదానిలోకి జరిపి, రెండోదానికి కొత్తగా రాయాల్సి వచ్చింది. 1870 ఏప్రిల్ నుంచి మూడు సంచికలు వచ్చాయి. జూన్ 8న గాడ్స్‌హిల్‌లో తోటలోని చిన్న చెక్క ఇంట్లో పగలంతా రాసి, సాయంత్రం భోజనాల దగ్గర కుప్పకూలాడు. మర్నాడు చనిపోయాడు. రాసి ఉంచిన మరో మూడు సంచికలు తర్వాత అచ్చయ్యాయి, ఆరోది కొంత పొట్టిగా.

పాఠకులు, పరిశోధకులు ఆయన ప్రణాళిక పత్రాల వైపు పరుగెత్తారు. 24 ఏళ్ళుగా ప్రతి పెద్ద నవలకూ కాగితం వేసుకున్న మనిషి కదా, అసలు రహస్యం అక్కడ ఉంటుందని ఆశ. ఆరు సంచికలకు పత్రాలున్నాయి. ఎవరు ఎప్పుడు కనిపించాలి, ఏది దాచాలి, ఏ అధ్యాయానికి ఏ పేరు అన్నీ ఉన్నాయి. ఏడో సంచిక నుంచి కథ ఏమిటో చెప్పే మాట ఒక్కటీ లేదు. మేనమామ మేనల్లుణ్ణి చంపాడన్న కథను ఫోర్‌స్టర్ తర్వాత డికెన్స్ జీవిత చరిత్రలో చెప్పాడు, అదీ ఒక స్నేహితుడి జ్ఞాపకమే. ఇంతవరకూ మీరు చదివినదాన్ని బట్టి చూస్తే ఆ ఖాళీలో ఆశ్చర్యం లేదు. ఆయన పత్రం ఎప్పుడూ ఆ నెల ప్రశ్నలకు ఆ నెల జవాబు కోసమే. ఏడో సంచిక అక్టోబరులో రావాలి. జూన్‌లో దాని ప్రశ్నలు ఇంకా పుట్టలేదు.